ఖాతా ఆమెది, ఫోను ఆయనది

నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు, మధ్యలో పైసా కట్టకపోతే, అసలంత వడ్డీ ఎన్నాళ్ళకవుతుంది? భీమడోలు, ఉంగుటూరు, నిడమర్రు పల్లెల్లో నలభై దాటిన ఆడవాళ్ళలో చాలామంది దీనికి వేళ్ళు కూడా లెక్కపెట్టరు. యాభై నెలలు. నూటికి రెండంటే నూరు రావడానికి యాభై సార్లు. అదే మనిషిని "ఏడాదికి 24 శాతం సాధారణ వడ్డీ మీద లక్ష రూపాయలు అయిదేళ్ళకు ఎంతవుతుంది?" అని అడిగితే మాట ఆగిపోతుంది. "అయన్నీ మా ఆయనకి తెలుస్తాయండి" అంటుంది. రెండు రూపాయల వడ్డీ, 24 శాతం ఒకటే. ఆమెకు రాని లెక్కేమీ ఆ ప్రశ్నలో లేదు. అయినా సర్వే కాగితంలో ఆమె పేరు "తెలియదు" అన్న గడిలోకి పోతుంది.

ఆర్థిక అక్షరాస్యత మీద మన దేశంలో జరిగిన పెద్ద సర్వేల్లో ఒకటి 2019లో ఎన్‌సీఎఫ్‌ఈ, అంటే జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం చేసింది. దాని ప్రకారం వయోజనుల్లో 27 శాతం మందికే డబ్బు వ్యవహారాల్లో కావలసినంత తెలివిడి ఉంది. మగవాళ్ళలో 29 శాతం, ఆడవాళ్ళలో 21. పట్టణాల్లో 33 శాతం, పల్లెల్లో 24. పల్లెటూరి ఆడమనిషికి రెండు వైపులా లోటే. ఇది మన ఒక్కరి జబ్బూ కాదు. 2014లో ఒక అంతర్జాతీయ సర్వేలో ప్రపంచమంతా కలిపి చూస్తే మగవాళ్ళలో 35 శాతం, ఆడవాళ్ళలో 30 శాతం ఆర్థిక అక్షరాస్యులుగా తేలారు.

అంకెలు చూడగానే "ఆడవాళ్ళకు నేర్పాలి" అని ఒక శిబిరం పెట్టి, బ్యానరు కట్టి, సమోసా, టీ ఇచ్చి పంపించడం మనకు అలవాటు. అంతకన్నా ముందు ఈ తేడా దేని వల్ల వస్తోందో విడదీసి చూడాలి. నా ఉద్దేశంలో అందులో కొంత నోరు తెరవకపోవడం, ఎక్కువ భాగం కాగితం చేతికి రాకపోవడం. బుర్రలో లోటు వెతికితే దొరికేది చాలా తక్కువ.

మొదట నోటి సంగతి. ప్రపంచంలో ఎక్కడ ఆర్థిక అక్షరాస్యత కొలిచినా ఎక్కువగా వాడేవి మూడు ప్రశ్నలు. అమెరికాలో అన్నామరియా లుసార్డి, ఒలీవియా మిచెల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2004లో తయారుచేశారు. ఒకటి వడ్డీ మీద వడ్డీ గురించి, రెండోది ధరల పెరుగుదల గురించి, మూడోది డబ్బంతా ఒకేచోట పెట్టడంలో ఉన్న ప్రమాదం గురించి. జవాబుల్లో "తెలియదు" అని కూడా ఒకటుంటుంది. ఏ దేశంలో చూసినా ఆడవాళ్ళు దాన్ని మగవాళ్ళకంటే ఎక్కువసార్లు ఎంచుకుంటున్నారు. నెదర్లాండ్స్‌లో పరిశోధకులు ఒక పని చేశారు. కొద్ది వారాల తేడాతో అదే మనుషులను అవే ప్రశ్నలు మళ్ళీ అడిగారు, ఈసారి "తెలియదు" అనే గడి తీసేసి. అంతకుముందు తెలియదన్న ఆడవాళ్ళలో చాలామంది సరైన జవాబే పెట్టారు. 2021లో వెలువడిన ఆ పరిశోధన ప్రకారం ఆడా మగా తేడాలో మూడో వంతు ధైర్యం చాలకపోవడం వల్ల వచ్చినదే. మిగిలిన రెండు వంతులు నిజంగా తెలియకపోవడం. దాన్నీ దాచిపెట్టక్కర్లేదు.

నెదర్లాండ్స్ లాంటి దేశంలోనే అలా ఉంటే, వసారాలో మామగారు పడక కుర్చీలో ఉండగా, మొగుడు పక్కన నిలబడి ఉండగా, కాగితాలు పట్టుకుని వచ్చిన కుర్రాడికి కోడలు ఏం జవాబు చెబుతుంది? చాలా ఇళ్ళలో అడిగేది ఆమెనైనా చెప్పేది ఆయనే. ఆయన చెప్పేది తప్పైనా గట్టిగా చెబుతాడు. సర్వేలో తెలియదన్న నిజానికీ, తెలుసన్న అబద్ధానికీ వేరువేరు మార్కులుండవు.

ఇక ఆ మూడు ప్రశ్నలనే మన ఊళ్ళలోకి తెచ్చి చూద్దాం. వడ్డీ మీద వడ్డీ అంటే బ్యాంకు డిపాజిట్టే గుర్తు రానక్కర్లేదు. గోదావరి జిల్లాల్లో ప్రామిసరీ నోటు మీద అప్పులు తరతరాలుగా ఉన్నాయి. నోటుకు చట్టం ప్రకారం మూడేళ్ళు గడువు. ఆ లోపల అప్పు తీరకపోతే, కాలదోషం పట్టకుండా, వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకుంటారు. రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చారనుకోండి. మూడేళ్ళకు వడ్డీ 72 వేలు. నోటు తిరగరాస్తే అసలు 1,72,000 అవుతుంది. ఇంకో మూడేళ్ళకు దాని మీద వడ్డీ 1,23,840. ఆరేళ్ళకు మొత్తం 2,95,840. తిరగరాయకుండా మామూలు వడ్డీయే నడిచి ఉంటే 2,44,000 అయ్యేది. ఆ 51,840 రూపాయల తేడాయే చక్రవడ్డీ.

ఈ లెక్క ఇంటి ఇల్లాలికి అర్థం కాదని ఎవరైనా అంటే నేను నమ్మను. అయితే నోటు తిరగరాసిన రోజు ఆమె అక్కడ ఉండదు. అరుగు మీద ఇద్దరు సాక్షులు, రెవెన్యూ స్టాంపు, ఆయన సంతకం, అంతే. లక్ష అప్పుందని ఆమెకు తెలుసు. అది లక్షా డెబ్బై రెండు వేల అసలుగా మారిందని చాలాసార్లు అప్పులవాడు గుమ్మం ముందుకు వచ్చినప్పుడే తెలుస్తుంది. చక్రవడ్డీ గురించి ఆమెను సర్వేలో అడిగితే తప్పు చెబుతుంది. అది నడిచే చోటికి ఆమెను ఎవరూ పిలవలేదు కాబట్టి.

రెండో ప్రశ్న ధరలది. ఖాతాలో డబ్బుకు ఏడాదికి ఒక శాతం వడ్డీ వస్తోంది, ధరలు రెండు శాతం పెరిగాయి, ఏడాది తర్వాత ఆ డబ్బుతో ఎక్కువ కొనగలమా తక్కువా? తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టుకు వచ్చిపోయే లారీలను బట్టే చుట్టుపక్కల ఊళ్ళ వంటిళ్ళలో ఉల్లి కొనాలో మానాలో తేలుతుంది. పోయినేడు అయిదు వందలకు ఎంత సరుకు వచ్చిందో, ఈ ఏడు ఎంత వస్తోందో ఆ ఇంట్లో ఎవరికి బాగా తెలుసు? దీని మీద ఎక్కువ చెప్పనక్కర్లేదు.

మూడో ప్రశ్నే మన కొల్లేటి సీమకు బాగా తగిలేది. సర్వేలో అడిగేది ఒక్క కంపెనీ వాటా కొనడం మంచిదా, మ్యూచువల్ ఫండు మంచిదా అని. షేర్లు లేని ఊళ్ళో ఈ ప్రశ్న గాలిలో వేలాడుతుంది. ఆలోచన మాత్రం మనకు కొత్తది కాదు, ఎదురు దెబ్బలతో నేర్చుకున్నదే. 1994లో ఆంధ్ర తీరమంతా టైగర్ రొయ్యకు తెల్లమచ్చ వైరస్ వచ్చింది. ఉన్నదంతా చెరువులో పోసినవాళ్ళు ఒక్క పంటతో కూలిపోయారు. 2006లో "ఆపరేషన్ కొల్లేరు" పేరిట అభయారణ్యంలో అయిదో కాంటూరు (ఎత్తు గీత) లోపలి చేపల చెరువుల గట్లు తెంచేశారు. లీజుల మీద, మేత మీద, పిల్ల మీద పెట్టిన డబ్బు నీళ్ళలో కలిసింది. 2025లో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచాక వనామీ రొయ్య రేటు పడింది. మూడు సార్లూ ప్రమాదం ఒకటే. ఉన్నదంతా ఒక్క చెరువులో.

అదే ఇళ్ళలో ఆడవాళ్ళ డబ్బు ఎక్కడుందో చూడండి. డ్వాక్రా పొదుపు కొంత. వీధిలో చీటీ ఒకటి. మెడలో గొలుసు, చెవులకు కమ్మలు. పాక కింద గేదె. పోపుల డబ్బాలో నోట్లు. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందనే ఏర్పాటు ఇది. దీన్నే పుస్తకాల్లో పెట్టుబడుల వైవిధ్యం అంటారు. శీలావతి, బొచ్చె చేపల రేట్లు నోటికొచ్చిన మగవాడు మ్యూచువల్ ఫండు ప్రశ్నకు సరిగ్గా టిక్కు పెట్టి, ఉన్న ఎకరా తాకట్టు పెట్టి ఒకే చెరువు లీజుకు తీసుకుంటాడు. ఆ ప్రశ్నకు తెలియదన్న ఆయన భార్య గేదె వెన్న అమ్మి పిల్లల ఫీజు కడుతుంది. ఎవరు అక్షరాస్యులో నేను తేల్చను.

మగవాళ్ళ తెలివిడి గురించి మాట వచ్చింది కాబట్టి అగ్రిగోల్డ్ సంగతి వదిలిపెట్టలేం. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థ దాదాపు 32 లక్షల మంది దగ్గర సుమారు 6,380 కోట్ల రూపాయలు సేకరించి 2014 తర్వాత చేతులెత్తేసింది. ఏలూరు పక్కనున్న పెదపాడు పోలీసు స్టేషన్లో 2015లో కేసు నమోదైంది, తర్వాత వ్యవహారం ఏలూరు జిల్లా కోర్టుకు వచ్చింది. డిపాజిట్ అని వాళ్ళు చెప్పిన దానికి బ్యాంకు డిపాజిట్టుకుండే బీమా లేదు. సెబీ దగ్గర నమోదు లేని సామూహిక పెట్టుబడి పథకం అది. 2019 నవంబరులో పదివేల లోపు కట్టినవాళ్ళకూ, 2021 ఆగస్టులో ఇరవై వేల లోపువాళ్ళకూ రాష్ట్ర ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. మిగతావాళ్ళు ఏళ్ళ తరబడి తిరిగారు. కట్టినవాళ్ళలో కూలి చేసుకునే ఆడవాళ్ళున్నారు, టీచర్లున్నారు, రిటైరైన ఉద్యోగులున్నారు. ఏజెంటు తెలిసినవాడే కదా అన్న ఒక్క మాట మీద చదువుకున్నవాళ్ళూ పోయారు. సర్వే అంకెల్లో మగవాళ్ళలో 29 శాతమే అక్షరాస్యులన్నది మరిచిపోయి, 21 మీదే మన కన్నంతా పడుతుంది.

ఇప్పుడు కాగితం దగ్గరికి వద్దాం. ఆంధ్ర ఆడవాళ్ళ చేతికి డబ్బు కాగితం మొదటిసారి గుంపుగా వచ్చింది పొదుపు సంఘాలతో. 1992 ప్రాంతంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద మొదలైన ఉద్యమం పొదుపు ఉద్యమంగా మారింది. డ్వాక్రా అనే కేంద్ర పథకం అంతకు పదేళ్ళ ముందే ఉన్నా, రాష్ట్రమంతా పాకింది ఆ తర్వాతే. 2000 నుంచి వెలుగు పథకం, 2011 నుంచి స్త్రీనిధి రుణాలు. పదిమంది ఆడవాళ్ళు, ఇద్దరు లీడర్లు, తీర్మానం పుస్తకం, బ్యాంకు లింకేజీ లోను. మూడు లక్షల వరకు ఏడు శాతం వడ్డీకి, సకాలంలో కడితే ఆ వడ్డీ కూడా ప్రభుత్వం కొన్నేళ్ళు తిరిగి ఇచ్చిన ఏర్పాటుతో, మన దేశంలో పేద ఇంటికి అంతకంటే చౌక అప్పు దొరకడం కష్టం.

దీనికి రెండో వైపు కూడా ఉంది, దాని గురించి తక్కువ రాస్తున్నాం. గ్రూపులో లెక్క తెలిసేది లీడర్లిద్దరికీ, పుస్తకాలు రాసే యానిమేటర్‌కీ. మిగతా ఎనిమిది మంది నెలనెలా కట్టే మొత్తం మాత్రమే ఎరుగుదురు. లీడరుగా పదేళ్ళు చేసిన ఆమె బ్యాంకు మేనేజరుతో గొడవపడి వడ్డీ తప్పు సరిచేయించగలదు. పక్కింటామెకు తన పేరిట ఎంత బాకీ ఉందో తెలియదు. ఒకే కులం, ఒకే చదువు, ఒకే వీధి. ఒకామె బ్యాంకు కౌంటరు దగ్గర నిలబడింది, రెండో ఆమె నిలబడలేదు. అందుకే లీడర్లను రెండేళ్ళకోసారి మార్చమనే నియమాన్ని గ్రూపులు పట్టించుకోకపోవడం నాకు చిన్న విషయంలా కనిపించదు.

కాగితం చదవకపోతే ఏమవుతుందో ఈ ప్రాంతం ముందే చూసింది. 2006 మార్చిలో కృష్ణా జిల్లా అధికారులు సూక్ష్మ రుణ సంస్థల శాఖలను యాభై దాకా మూయించారు. కైకలూరు, మండవల్లి వైపు కొల్లేటి ఊళ్ళు అప్పుడు ఆ జిల్లాలోవే. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. ఎక్కువ వడ్డీ, వసూళ్ళలో దౌర్జన్యం అన్నవి ఆరోపణలు. నాలుగేళ్ళకు, 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సే తెచ్చింది. ఆ అప్పులు చాలావరకు ఆడవాళ్ళ పేరిటే ఇచ్చారు. ఒకామె మూడు సంస్థల్లో తీసుకుని ఒకదానితో ఇంకొకటి తీర్చిన కథలు ప్రతి ఊళ్ళో ఉన్నాయి.

అందులో ఒక లెక్క ఇప్పటికీ మనుషులను మోసం చేస్తోంది. యాభై వేలు అప్పు, ఏడాదికి 12 శాతం "ఫ్లాట్", పన్నెండు వాయిదాలు. వడ్డీ ఆరు వేలు, నెలకు 4,667. రూపాయి వడ్డీయే కదా అనిపిస్తుంది. నిజానికి రూపాయి వడ్డీ అంటే యాభై వేలూ ఏడాది పొడుగునా మన దగ్గరుండాలి. ఇక్కడ ఆరో నెలకే సగం తిరిగి కట్టేశాం. ఏడాదంతా సగటున మన చేతిలో ఉన్నది 27 వేల చిల్లర. దాని మీద ఆరు వేల వడ్డీ అంటే ఏడాదికి 21, 22 శాతం. ఊరి లెక్కలో దాదాపు రూపాయి ఎనభై పైసలు. ఏజెంటు అబద్ధం ఆడలేదు, సగమే చెప్పాడు.

ఈ తేడా పుట్టుకతో వచ్చింది కాదని చెప్పడానికి మన దేశంలోనే మంచి సాక్ష్యం ఉంది. మేఘాలయలో ఖాసీల వంటి తెగల్లో ఆస్తి కూతురి వైపు పోతుంది. ఉటే ఫిలిపియాక్, యబిబల్ వాలె అనే పరిశోధకులు అలాంటి చోట్లనూ, తండ్రి నుంచి కొడుక్కి ఆస్తి పోయే రాష్ట్రాలనూ పోల్చి చూసి 2015లో రాశారు. రెండో రకం చోట్ల మగవాళ్ళకు ఆర్థిక తెలివిడి ఎక్కువ. తల్లి వైపు ఆస్తి పోయే చోట ఆ తేడా కనిపించలేదు. మధ్యప్రదేశ్‌లో ఇంకో బృందం ఉపాధి హామీ కూలి నేరుగా ఆడవాళ్ళ సొంత ఖాతాలో పడేలా చేసి, ఖాతా ఎలా వాడాలో కొద్దిపాటి శిక్షణ ఇచ్చింది. 2021లో వెలువడిన ఫలితాల్లో, ఖాతా ఒక్కటే ఇచ్చినవాళ్ళకంటే ఇవన్నీ కలిపి దక్కినవాళ్ళు ఎక్కువగా పనుల్లోకి వెళ్ళారని తేలింది.

మన గోదావరి జిల్లాల్లో ఆస్తి కూతురి పేరిట రాయడం కొత్తేమీ కాదు. పసుపు కుంకుమల కింద అరెకరమో ఎకరమో ఇవ్వడం పాత మర్యాద. హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టం 1985 సెప్టెంబరు నుంచే అమల్లోకి వచ్చింది, దేశమంతటికీ వచ్చింది 2005లో. అయితే పొలం పాసుపుస్తకం మీద పేరు ఆమెది, కౌలు మాట్లాడేది ఆయన, కౌలు డబ్బు తీసుకునేది ఆయన. బంగారం మీద బ్యాంకు లోను కూడా అంతే. గొలుసు ఆమెది, సంతకం ఆయనది, ఏడాదికోసారి వడ్డీ కట్టి తిరగరాయించేదీ ఆయనే. ఏటా ఎంత వడ్డీ పోతోందో అడిగే హక్కు గొలుసు ఇచ్చిన మనిషికి లేదా?

ఇప్పుడు దీని మీదికి ఫోను వచ్చి చేరింది. ఆడవాళ్ళ ఉపాధి కూలి, ఒకప్పుడు అమ్మఒడి, ఇప్పుడు తల్లికి వందనం, ఇలాంటివి వాళ్ళ ఖాతాలోనే పడుతున్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము స్వయంగా వాడే బ్యాంకు ఖాతా ఉన్న ఆడవాళ్ళు దేశంలో 78.6 శాతం, అంతకు ముందు సర్వేలో 53. మంచి మార్పే. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు 21 శాతం, మగవాళ్ళు 48.8. ఖాతా వచ్చిందిగానీ, డబ్బు పడినట్టు మెసేజ్ వచ్చే నంబరు ఆయనదో కొడుకుదో. ఓటీపీ వాళ్ళకే వస్తుంది, ఫోన్‌పే వాళ్ళ దగ్గరే ఉంటుంది. డబ్బు తీసినా ఆమెకు తెలియదు, పడినా తెలియదు. ఏ శిబిరానికి వెళ్ళినా ఈ ఒక్కటి మారకపోతే నేర్చుకున్నది వాడడానికి చోటుండదు. బ్యాంకులో మొబైల్ నంబరు మార్చడానికి ఒక దరఖాస్తు, ఆధార్ నకలు చాలు. ఇంట్లో అడగడమే దానికంటే కష్టం.

ఫోను లేకపోయినా పాసుపుస్తకం ప్రింటు వేయించుకోవచ్చు. మే నెలాఖరు తర్వాత వేయిస్తే రెండు అంకెల కోసం చూడాలి. 436 రూపాయలు పోయి ఉంటే అది జీవన జ్యోతి బీమా, ఏ కారణంతో చనిపోయినా రెండు లక్షలు. 20 రూపాయలు పోయి ఉంటే సురక్షా బీమా, ప్రమాదంలో చనిపోతే రెండు లక్షలు. చెరువుల మీద కరెంటు మోటార్ల దగ్గర, రాత్రి కాపలాల్లో, హైవే మీద లోడు లారీల్లో బతికే మగవాళ్ళ పాసుపుస్తకాల్లో ఈ రెండు అంకెలు ఉన్నాయో లేదో తెలిసి ఉండాల్సింది భార్యకే. చనిపోయినవాడు వచ్చి క్లెయిము పెట్టడు కదా. ఆయన పాసుపుస్తకం ఎక్కడుందో, నామినీగా ఎవరి పేరు రాశారో కూడా ఆమెకే తెలియాలి. పెళ్ళికి ముందు తెరిచిన ఖాతాల్లో నామినీగా తల్లి పేరే ఏళ్ళ తరబడి ఉండిపోతుంటుంది.

అప్పు కాగితం విషయంలో ఈ మధ్య ఒక మంచి మార్పు వచ్చింది. 2024 అక్టోబరు నుంచి బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ వ్యక్తులకిచ్చే కొత్త అప్పులకు ముఖ్య వివరాల పత్రం ఇచ్చి తీరాలని రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. కేఎఫ్‌ఎస్ అంటారు. అప్పు తీసుకునేవాళ్ళకు అర్థమయ్యే భాషలో ఉండాలి కాబట్టి తెలుగులో ఇమ్మని అడగొచ్చు. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, ఇతర ఖర్చులు అన్నీ కలిపి ఏడాదికి నిజంగా ఎంత శాతం పడుతోందో చెప్పే అంకె అది. "ఫ్లాట్" లెక్కకు అక్కడ తావు లేదు. ఆ అంకెను పన్నెండుతో భాగిస్తే ఊరి లెక్క వచ్చేస్తుంది. ఏపీఆర్ 12 అంటే రూపాయి వడ్డీ. 24 అంటే రెండు రూపాయలు. 26 అని ఉంటే రెండు రూపాయల పదిహేడు పైసలు. అదే వీధిలో నోటు మీద రెండు రూపాయలకు ఇచ్చేవాళ్ళుంటే, గ్రూపులో లింకేజీ లోను ఏడు శాతానికి, అంటే అరవై పైసల లోపు వడ్డీకి దొరుకుతుంటే, ఆ కంపెనీ కాగితం మీద సంతకం పెట్టాలా వద్దా అన్నది యాభై నెలల లెక్క నోటితో చెప్పగలిగిన మనిషికి ఇంకొకరు వివరించనక్కర్లేదు.